గోడవతల అమ్మవారు

హనుమక్క ఇంటికీ ఆమె తోడికోడలు మల్లీశ్వరి ఇంటికీ మధ్య ఉన్నది మొలలోతు మట్టిగోడ. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పెట్టుకున్నది. గోడకు ఇటు హనుమక్క, ఆమె మొగుడు చెన్నప్ప, వాళ్ళ గొర్రెలు. అటు మల్లీశ్వరి ఒక్కతే. ఆమె మొగుడు అంజినప్ప బెంగళూరులో కట్టడాల పనికి పోయి, వీలు చిక్కినప్పుడు వచ్చిపోతుంటాడు. గోడ ఉందన్న మాటే గానీ, దాని మీదుగా చింతపండు, ఎండుమిరపకాయలు, చారు గిన్నెలు, తిట్లు అన్నీ అటూ ఇటూ దాటుతూనే ఉండేవి.

ఆ పొద్దు చీకటి విడీ విడకముందే దొడ్డి ఊడ్వడానికి లేచిన హనుమక్క గోడవతలికి చూసి, చీపురు చేత పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

మల్లీశ్వరి వాకిట్లో నిలబడి ఉంది. మోకాళ్ళు కొంచెం వంచి, రెండు చేతులూ ఎదురుగా గుండ్రంగా పట్టి, కనబడని పెద్ద బాననేదో కౌగిలించుకున్నట్టు ఉంది. కళ్ళు సగం మూసుకుంది. ఒళ్ళు కదలడం లేదు, వేళ్ళ చివర్లు మాత్రం సన్నగా వణుకుతున్నాయి. కాసేపటికి ఆ చేతులు ఎవరో దారం కట్టి లాగినట్టు మెల్లగా పైకి లేచాయి. అరచేతులు ఆకాశం వైపు తిరిగాయి. ఆకాశాన్ని రవ్వంత ఎత్తిపట్టి, మళ్ళీ దాని చోట దాన్ని పెట్టేసినట్టు కిందికి దిగాయి.

సరిగ్గా అప్పుడే చెంబు పట్టుకుని బయటికి పోతున్న ముసలి బయమ్మ ఆ వాకిలి ముందు ఆగింది. చెంబు కింద పెట్టి రెండు చేతులూ జోడించింది.

"తల్లీ, సుంకులమ్మా! ఈ ఇంటికి గూడా వచ్చినావా!"

హనుమక్క చీపురు నేలకేసి కొట్టింది.

జాలిగుంట ఊళ్ళో గ్రామదేవత సుంకులమ్మ వచ్చేది ఒక్క హనుమక్క మీదికే. ఆమె కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల నాటి మాట. వానలు లేని ఏడు. మా సీమలో వానలు పడిన ఏడే గుర్తుపెట్టుకోదగ్గది గానీ, ఆ ఏడు మరీ ఘోరం. జాతరలో ఉరుములనే డోళ్ళు మోగుతుంటే జ్యోతుల వెనక నడుస్తున్న ఆ పిల్ల ఒళ్ళు కాలి, దవడలు బిగిసి, ఒక్కపెట్టున ఊగిపోయింది. ఏం మాట్లాడిందో ఆమెకు గుర్తులేదు. ఊరికి గుర్తుంది. "నా బిడ్డలు నీళ్ళకు చస్తాంటే మీ గొంతులో ముద్ద ఎట్ల దిగుతాందిరా" అని పెద్దమనుషులను పేరుపేరునా నిలబెట్టి అడిగిందట. మర్నాడు పైగేరి పెద్దిళ్ళవాళ్ళ బావి దగ్గరికి కిందిగేరి కూలి ఆడవాళ్ళను రానిచ్చారు.

జాతర ముందు దాకా ఆమె "ఏయ్, చెన్నప్ప పెండ్లామా". జాతర తర్వాత "అక్కా".

మన ఊళ్ళలో కూలికి పోయే ఆడది మామూలు గొంతుతో నీళ్ళడిగితే దానికి నోరెక్కువంటారు. అదే మాట అమ్మవారు అడిగితే బోర్లా పడి మొక్కుతారు. అడగాల్సిన మాట ఉన్న ఆడదానికి అమ్మవారు రాక తప్పని ఏర్పాటు ఇది, ఎవరు చేశారో గానీ. హనుమక్కది దొంగ పూనకం కాదు. ఏడాది పొడుగునా మింగినదంతా ఆ ఒక్క సాయంత్రం ఆమె అదుపు తప్పి బయటికి వచ్చేది. పిల్లలకు జ్వరాలొస్తే, గొర్రెలు తప్పిపోతే, మొగుడు తాగొచ్చి కొడితే నిమ్మకాయ పట్టుకుని ఆమె గడప ముందుకు వచ్చేవాళ్ళు. ఏటా జాతరలో ముందు నడిచే పెద్ద జ్యోతి, బియ్యప్పిండి ముద్దలో నెయ్యి దీపం పెట్టినది, ఆమె తలమీదే. సెంటు భూమి లేని హనుమక్కకు ఉన్న ఆస్తి అదొక్కటే.

"ఏమ్మే మల్లీ, పొద్దన్నే ఏమి నాటకం?" బయమ్మ అటు పోగానే హనుమక్క గోడ మీదికి వంగింది.

"నాటకం యాడిదక్కా, ఊపిరి కసరత్తు. అనంతపురం ఆసుపత్రిలో నేర్పించినారు."

మల్లీశ్వరి ఊరి బయటి శెనక్కాయల మిల్లులో పనిచేస్తుంది. కాయలు పగలగొట్టే మిషను దగ్గర రోజంతా లేచే పొట్టు దుమ్ము ఏళ్ళ తరబడి ఎదలో పేరుకుని ఆయాసం పట్టింది. బిందె ఎత్తితే ఊపిరాడదు. పడుకుంటే దగ్గు. ఎవరో చెబితే అనంతపురంలో ఒక ట్రస్టు ఆసుపత్రికి పోయింది. అక్కడి వాళ్ళు పీల్చే మందు ఇచ్చి, అశ్విని అనే పిల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ పిల్ల ఊపిరి కడుపులోకి ఎట్లా దించాలో, చేతుల కదలికకు శ్వాసను ఎట్లా జతచేయాలో నేర్పింది.

"చీగాంగ్ అంటారంటక్కా. చైనావోళ్ళ విద్య. వాళ్ళ తాతల తాతల నుంచీ చేస్తాండారంట."

"చైనావోళ్ళదా!" గొర్రెల మధ్యలోంచి చెన్నప్ప నవ్వాడు. "చైనా సెల్లు ఆర్నెల్లు రాకపాయె. చైనా ఊపిరి ఎన్నాళ్ళొస్తాదో. గ్యారంటీ కార్డు ఇచ్చినారామ్మా?"

"ఉన్నన్నాళ్ళు వచ్చినా చాలు బావా," అని మల్లీశ్వరి కూడా నవ్వింది. నవ్విన తర్వాత దగ్గు రాలేదు. హనుమక్క అది గమనించింది.

మధ్యాహ్నానికి మల్లీశ్వరి గడప మీద నిమ్మకాయ ఉంది. సాయంత్రానికి వేపమండలు కూడా చేరాయి. బయమ్మ ఊరంతా చెప్పేసింది మరి. మల్లీశ్వరి తల కొట్టుకుంది.

"అమ్మ లేదు గిమ్మ లేదవ్వా. ఆయాసానికి చేస్తాండా."

"వచ్చినోళ్ళకు తెలుస్తాదేమే?" అంది బయమ్మ. "హనుమక్కకు తెలుస్తాదా ఏం మాట్లాడిందో? నీకూ అంతే. నీది శాంతమ్మ తల్లి. ఊగదు, అరవదు, నిలబడి దీవిస్తాది. చేతులెత్తి దీవించలే? నేను కండ్లారా చూస్తి."

కళ్ళు మూసుకుని, చేతులెత్తి, వేళ్ళు వణుకుతూ నిలబడిన ఆడమనిషిని మా ఊళ్ళలో ఇంకెట్లా అర్థం చేసుకుంటారు? ఆరోగ్యం కోసమని ఆడది పొద్దున్నే తన ఒంటి కోసం తాను అంతసేపు ఊరికే నిలబడుతుందంటే ఎవరు నమ్ముతారు? అమ్మవారు వచ్చిందంటే నమ్మడం తేలిక.

నిమ్మకాయ పట్టుకొచ్చిన వాళ్ళను మల్లీశ్వరి వెనక్కి పంపలేక, "సరే, వచ్చినారు గదా, నిలబడండి, ఊపిరి తీయండి," అనేది. మిల్లులో ఆమెతో పనిచేసే ఆడవాళ్ళు ముందు నిలబడ్డారు. అందరికీ అదే దగ్గు. తర్వాత నడుము నొప్పుల వాళ్ళు, నిద్ర పట్టని వాళ్ళు. రోజూ తెల్లవారేసరికి గోడవతల వాకిలి నిండిపోయేది. "భుజాలు దించండక్కా. ఎవురూ మిమ్మల్ని కొట్టరు, దించండి," అనేది మల్లీశ్వరి. ఆడవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. విల్లు లాగినట్టు ఒక చెయ్యి చాచి ఒక చెయ్యి వంచేవాళ్ళు. వాళ్ళందరి శ్వాస ఒక్కసారే బయటికి వచ్చినప్పుడు, ఎండుగడ్డి మీద గాలి పోయినట్టు ఆ చప్పుడు గోడ దాటి హనుమక్క దొడ్డిలోకి వచ్చేది.

హనుమక్క గడప ముందు నిమ్మకాయలు తగ్గాయి. అవి తగ్గినందుకే ఆమె కుమిలిపోయిందని ఊరంతా అనుకుంది. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటుంది, అది ఎవరికీ చెప్పుకోలేదు. ఏళ్ళ తరబడి మల్లీశ్వరి దగ్గు గోడవతల నుంచి వినబడేది. హనుమక్క విసుక్కుంటూ లేచి, శొంఠి కషాయం కాచి, "తాగి చావు, మమ్మల్ని పండుకోనీ," అంటూ గోడ మీదుగా లోటా అందించేది. మల్లీశ్వరి రెండు చేతులతో ఆ లోటా పట్టుకుని, "నువ్వు లేకుంటే నా గతేమక్కా," అనేది. ఇప్పుడు దగ్గు లేదు. లోటా అడిగేవాళ్ళు లేరు. ఆ నిశ్శబ్దం హనుమక్కకు నిద్ర పట్టనివ్వలేదు. ఎవతో అశ్విని అంట, అనంతపురం నుంచి ఊపిరి పంపిందంట. ముందు కషాయం పోయింది, తర్వాత నిమ్మకాయలు పోయాయి. ఇంక పోవడానికి సుంకులమ్మే మిగిలింది.

మల్లీశ్వరి మెడ నిటారుగా అయింది. చెంపల్లో నెత్తురు కనబడింది. చూస్తే ఒళ్ళు మండేది. చూడకుండా ఉందామంటే గోడ మొలలోతే కదా.

ఒకనాడు ఎవరూ చూడకుండా దొడ్డిలో గొర్రెల మధ్య హనుమక్క తానూ నిలబడింది. మోకాళ్ళు వంచింది, చేతులు గుండ్రంగా పట్టింది. ఆమె ఒంటికి తెలిసిన శ్వాస పూనకపు శ్వాస ఒక్కటే. చిన్నచిన్నగా, వేడిగా, తొందరగా ఎగబడే శ్వాస. కడుపులోకి దించుదామంటే ఎద దగ్గరే ఆగి బుసలు కొట్టింది. భుజాలు చెవులకు తగిలాయి. గోడవతల మల్లీశ్వరి చేతులు దూదిలా లేస్తుంటే వాటిని చూసి ఇంకా గట్టిగా బిగించింది. కళ్ళు తిరిగాయి. పక్కనున్న గొర్రె మీద పడి, దాంతోపాటు పెంటికల మీద పడింది.

"ఏమే, పొట్టేలుతో కుస్తీకి దిగినావా?" చెన్నప్ప పరుగెత్తుకొచ్చాడు.

"నడుము పట్టింది. గమ్మునుండు."

"అది చేసేది నువ్వూ చేయల్లనుకుంటే పోయి దాని పక్కన నిలబడు. దొంగతనమేమిటికి? నీకేం తక్కువని? నీకు అమ్మ ఉండాది."

"ఉండాదో, గోడ దాటిందో," అంది హనుమక్క, చీర దులుపుకుంటూ. అన్న తర్వాత ఆ మాటకు తానే బెదిరింది.

జాతర దగ్గరపడింది. ఆ మాటలు మాట్లాడుకోవడానికి ఊరివాళ్ళంతా మిల్లు ఆవరణలో పట్టలు పరుచుకుని కూర్చున్నారు. మిల్లు విష్ణువర్ధన్‌ది. జాతరకు ఉరుముల వాళ్ళను పిలిపించేదీ, పందిళ్ళు వేయించేదీ అతనే కాబట్టి మాట కూడా అతనిదే.

"ఈతూరి పెద్ద జ్యోతి మల్లీశ్వరి ఎత్తుకుంటాది," అన్నాడు. "ఆ పిల్ల మీదికి వచ్చే అమ్మ చల్లని తల్లి. అరుపుల్లేవు, తిట్లు లేవు. ఊరికి ఇప్పుడు కావాల్సింది శాంతి. ఏమంటారప్పా?"

పోయిన జాతరలో హనుమక్క నోట అమ్మవారు ఇదే విష్ణువర్ధన్‌ను జనం మధ్యలోకి పిలిచింది. "నీ మిల్లు దుమ్ము నా గుడి మీద పడతాంది, నా బిడ్డల ఎదలో పడతాంది. గోడ కట్టిస్తావా, నన్నే లేచిపొమ్మంటావా?" అని అడిగింది. అతను అప్పుడు దండం పెట్టి తలాడించాడు. గోడ కట్టించలేదు. నోరున్న అమ్మవారి కన్నా నోరులేని అమ్మవారు మిల్లు యజమానులకు మేలు. పైగా ఊపిరి కసరత్తు వచ్చిన తర్వాత అతనికి ఇంకో వీలు దొరికింది. మిల్లులో ఆడవాళ్ళు మూతికి గుడ్డలడిగితే, దుమ్ము లాగే ఫ్యాను అడిగితే, "పొద్దన్నే చైనా ఊపిరి తీస్తాండారు గదమ్మా, ఇంగ ఫ్యానేమిటికి?" అని నవ్వేవాడు.

ఇవన్నీ ఆ పొద్దు హనుమక్కకు తట్టలేదు. పెద్ద జ్యోతి తన తలమీది నుంచి దిగి తోడికోడలి తలమీదికి పోవడం ఒక్కటే ఆమెకు కనబడుతోంది.

"నాకొద్దు సావుకారప్పా," మల్లీశ్వరి లేచి నిలబడింది. "నా మీదికి ఏ అమ్మా రాదు. సాంబ్రాణి పొగ నాకు పడదు. అక్కే ఎత్తుకోనీ."

"ఊరంతా ఒక మాట అంటే నువ్వొక్కదానివి కాదంటావా? మిల్లులో పని గూడా వద్దంటావా మరి?" విష్ణువర్ధన్ నవ్వుతూనే అన్నాడు. అతను ఏదైనా నవ్వుతూనే అంటాడు.

మల్లీశ్వరి హనుమక్క వైపు తిరిగి చూసింది. అక్క ఒక్క మాట అంటే చాలు. దాని ఆయాసం ఎట్లాంటిదో ఊళ్ళో అందరికన్నా ఆమెకే తెలుసు. పొయ్యి పొగకే ఎట్లా గింజుకునేదో గోడ మీది నుంచి చూసింది ఆమే.

"ఎత్తుకోనీలే," అంది హనుమక్క. "అమ్మే వచ్చినప్పుడు పొగేం చేస్తాది?"

మల్లీశ్వరి పట్ట మీద కూర్చుండిపోయింది.

జాతర సాయంత్రం ఉరుములు మొదలయ్యాయి. ఆ వాద్యం చెవులకు కాదు, పొట్టకు వినబడుతుంది. ముందు పెద్ద జ్యోతితో మల్లీశ్వరి, వెనక చిన్న జ్యోతులు, వాటి వెనక జనం. ఆ జనంలో, ఖాళీ తలతో, హనుమక్క. ఉరుముల దెబ్బకు ఎప్పటిలా తన ఒళ్ళు కాలుతుందేమోనని కాచుకుంది. దవడలు తానే బిగించి చూసింది. రాలేదు. చెమట తప్ప ఏమీ రాలేదు. 'ఏమమ్మా, ఇన్నేండ్లు నా ఒళ్ళు నీకు ఇల్లు గాలేదా? దాని వాకిలి ఊడ్చినట్టుంటాదని పోయినావా?' అని లోలోపల దేవతను అడిగినట్టు కాదు, సవతిని తిట్టినట్టు తిట్టింది.

గుడి మలుపు దగ్గర సాంబ్రాణి ధూపాలు పట్టారు. పొగ దారికి అడ్డంగా తెరలా లేచింది. మల్లీశ్వరి అందులోకి నడిచింది. పది అడుగులు కూడా పోకముందే ఆమె మెడ వెనక్కి విరిగింది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. కళ్ళు పెద్దవయ్యాయి. నోరు తెరుచుకుంది. పక్కనున్నవాళ్ళు జ్యోతిని పట్టుకున్నారు.

"వచ్చినాది! తల్లి వచ్చినాది!" బయమ్మ కేక పెట్టింది.

జనం ఆమె మీదికి ఉరికారు. ఉరుముల వాళ్ళు దగ్గరికి జరిగి ఇంకా జోరుగా కొట్టారు. ఎవరో ధూపం ఆమె మొహం దగ్గరే తిప్పారు. ఇంకెవరో వేపమండలతో కొట్టారు.

హనుమక్క జనం వెనకే నిలబడిపోయింది. అయితే నిజమే. పోయింది. నన్ను విడిచి దాని దగ్గరికి పోయింది. ఆ క్షణాన ఆమె తోడికోడలిని ద్వేషించినంతగా ఎవరినీ ద్వేషించి ఉండదు. దగ్గరి నుంచి చూడాలనిపించింది. అమ్మవారు ఇంకొకరి ఒంట్లో ఎట్లా ఉంటుందో చూడాలని, మోచేతులతో జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయింది.

చూసింది. మల్లీశ్వరి గొంతు గుంట ఊపిరి ఊపిరికీ లోపలికి ఈడ్చుకుపోతోంది. పెదవులు నేరేడు పండ్లలా ఉన్నాయి. ఉరుముల చప్పుడు కింద సన్నటి ఈల. ఎన్నో ఏళ్ళు గోడవతల నుంచి విన్న ఈల.

"అమ్మ కాదు, ఆయాసం! జరగండప్పా, ఆయాసం అది!" హనుమక్క అరిచింది.

ఎవరూ జరగలేదు. "ఈయమ్మకు కుళ్ళు పట్టింది," అని ఒకడు ఆమెను వెనక్కి నెట్టాడు. "ఇన్నేండ్లు నీకొచ్చె గదా, రొంత దానికీ రానీ!" అని ఎవరో నవ్వారు. వాళ్ళన్నదాంట్లో అబద్ధం కూడా లేదు.

హనుమక్క కొప్పు లాగి జుట్టు విప్పేసింది. నాలుక బయటికి పెట్టింది. చేతిలో వేపమండ ఉన్నవాడి చేతిలోంచి అది లాక్కుని అతన్నే కొట్టింది. తనకు గుర్తులేని ఆ గొంతును, ఊరివాళ్ళు చెప్పగా విన్న ఆ గొంతును, జీవితంలో మొదటిసారి తెలిసి తెలిసి బయటికి తీసింది.

"ఆపండిరా ఉరుములు! ఆర్పండిరా పొగ! నా బిడ్డకు గాలి లేకుండా చేస్తార్రా? వెనక్కి! ఇంగా వెనక్కి! వంశాలు నిలబడవు!"

ఉరుములు ఆగాయి. ధూపాల మీద నీళ్ళు పడ్డాయి. జనం అలలా వెనక్కి పోయారు. విష్ణువర్ధన్ కూడా చెప్పులు విడిచి వెనక్కి జరిగాడు.

మల్లీశ్వరి నడుముకు చెక్కుకున్న చిన్న సంచిలో పీల్చే మందు ఉంటుందని హనుమక్కకు తెలుసు. గోడ మీది నుంచి చూడనిది ఏముంది గనక. అది తీసి నోట్లో పెట్టి నొక్కింది. కింద కూర్చోబెట్టి ముందుకు వంచింది. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, "నన్ను చూడు. మూతి సున్న చెయ్యి. ఊదు. ఇంగా ఊదు, తొందరేం లేదు," అంటూ తన చేతులు మెల్లగా లేపింది, మెల్లగా దించింది. దొడ్డిలో ఒక్కసారి కూడా కుదరని శ్వాస, అవతలి దానికి నేర్పాల్సి వచ్చేసరికి ఎట్లాగో కుదిరింది. ఆటో వచ్చి కళ్యాణదుర్గం ఆసుపత్రికి తీసుకుపోయేదాకా ఆ చేతులు లేస్తూ, దిగుతూనే ఉన్నాయి.

మర్నాడు గుడి ముందు జనం చేరారు. జాతర చెడింది, శాంతి చేయాలి. హనుమక్కను పిలిపించి గద్దె పక్కన చాప వేశారు. బయమ్మ ఆమె ముందు నిమ్మకాయ పెట్టి కాళ్ళకు మొక్కింది. "తప్పైపాయె తల్లీ, నువ్వే అసలు తల్లివి."

"అక్కా, నిన్న నీ నోట్నే అమ్మ మాట్లాడింది," అన్నాడు విష్ణువర్ధన్. "ఎందుకంత కోపమొచ్చిందో నువ్వే చెప్పల్ల. చైనావోళ్ళ ఆటలాడిన పిల్ల జ్యోతి ఎత్తుకుందనేనా? అదే అయితే చెప్పు, ఆ ఆటలు ఈ పొద్దుతో బంద్. పెద్ద జ్యోతి ఇంగ నీదే, నువ్వున్నన్నాళ్ళూ."

హనుమక్క కోరుకున్నదంతా అడగకుండానే చాప మీదికి వచ్చింది. ఊ అంటే చాలు. గోడవతల వాకిలి ఖాళీ అవుతుంది. నవ్వులు ఉండవు. మల్లీశ్వరి తిరిగొచ్చి మళ్ళీ దగ్గుతుంది, లోటా కోసం చేతులు చాస్తుంది. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందంటే, ఆమె కాసేపు దాన్ని చప్పరిస్తూ కూర్చుంది. ఆమె అమ్మవారి కోసం చూస్తోందని జనం అనుకున్నారు.

"నిన్న నా మీదికి అమ్మ రాలేదు," అంది చివరికి.

"ఏందీ?"

"రాలేదు. అరిచింది నేనే. ఆయాసం, జరగండి అని మామూలుగా చెప్తి. ఒక్కరు జరిగినారా? జుట్టు ఇప్పుకుంటే గానీ మీ చెవులు తెరుచుకోలేదు. దాని ఎదలో ఉండేది అమ్మ కాదు సావుకారప్పా, నీ మిల్లు దుమ్ము. దానికి పొగ పడదని నాకు తెలుసు. తెలిసే, కుళ్ళుతో, ఎత్తుకోనీ అంటి. నా తప్పు నేను చెప్పినా. నీది నువ్వు చెప్పు."

విష్ణువర్ధన్ ఈసారి నవ్వలేదు.

"అమ్మ రానప్పుడు నీకేం మాట ఉండాది ఈడ? పో, గొర్రెలు చూసుకో."

బయమ్మ చెయ్యి చాచి నిమ్మకాయ తీసుకుని మళ్ళీ కొంగున ముడేసుకుంది. హనుమక్క లేచి ఇంటికి నడిచింది. ఆమె వెంట ఎవరూ రాలేదు. మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు తలలు వంచుకుని కూర్చున్నారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా.

అట్లా హనుమక్క ఆస్తి పోయింది. తర్వాత ఎవరూ ఏమీ అడగడానికి రాలేదు. పెద్ద జ్యోతి విష్ణువర్ధన్ వదినకు ఇస్తారని అప్పుడే మాట పుట్టింది.

మల్లీశ్వరి ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు ఎవరు చెప్పారో గానీ అంతా తెలుసుకునే వచ్చింది. గోడ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నా మూలంగా నీ జ్యోతి పాయె గదక్కా."

"నీ మూలంగా కాదులే. నీ మీద ఏడుపు మూలంగా. ఇంగా ఏడుపే."

"తెలుసు. నిన్ను ఎప్పుడు చూసినా గోడ మీదే ఉంటివి గదా," అంది మల్లీశ్వరి. ఇద్దరికీ నవ్వు వచ్చింది, పూర్తిగా కాదు.

కొన్నాళ్ళకు మిల్లు ఆడవాళ్ళు ఊపిరి కసరత్తు వాకిట్లో మానేసి, పనికి పోతూ మిల్లు గేటు ముందే మొదలుపెట్టారు. తలలు వంచుకున్న ఆ ఆడవాళ్ళే. కసరత్తు అయిన తర్వాతే లోపలికి వస్తామన్నారు. ఆ పొద్దు అది ఎంతకూ అవలేదు. పొద్దు నడినెత్తికి వచ్చినా వాళ్ళు విల్లు లాగుతూనే ఉన్నారు. మర్నాడూ అంతే. లారీ వచ్చి కాయల బస్తాలతో నిలబడిపోయింది. విష్ణువర్ధన్ గేటు దగ్గరికి వచ్చి, "ఏమమ్మా, ఇంగా కాలేదా మీ ఊపిరి?" అన్నాడు. "దుమ్ము ఎక్కువుండాది సావుకారప్పా, లోపలికి దిగడంలే," అంది ఒకామె. ఆ నెలలోనే మిషను పక్కన దుమ్ము లాగే ఫ్యాను వచ్చింది. ఒక్కటే వచ్చింది. దుమ్ము తగ్గింది, పోలేదు. రెండోదాని కోసం ఇంకా తీస్తున్నారు ఊపిరి.

మిల్లులో పనిలేకపోయినా హనుమక్క కూడా పోయి ఆ వరుసలో చివర నిలబడుతుంది. ముందు నిలబడేది మల్లీశ్వరి. దాని చేతులు ఇప్పటికీ దూదిలానే లేస్తాయి. హనుమక్కవి కొయ్యల్లా లేస్తాయి. ఆసుపత్రిలో పడి లేచిన మనిషికి అంత పొడుగు ఊపిరి ఎక్కడిది? తనకెందుకు రాదు? కళ్ళు మూసుకోమంటే ఒక కన్ను తెరిచి చూస్తుంది.

"అక్కా, భుజాలు దించు," అంటుంది మల్లీశ్వరి వెనక్కి తిరక్కుండానే. "ఎవురి మీద అంత కోపం?"

"నీ మీదేలే."

"సరే. ఊదు."